దేవుణ్ణి ఎదిరించిన పాత్రలు: తరచుగా అడిగే ప్రశ్నలు

పురాణాల్లో, కావ్యాల్లో, నాటకాల్లో, నవలల్లో దేవుడికి ఎదురు తిరిగిన పాత్రల గురించి పాఠకులు మళ్ళీ మళ్ళీ అడిగే ప్రశ్నలకు ఇక్కడ జవాబులు రాశాను. దేవుడు ఉన్నాడా లేడా అన్న వాదన జోలికి పోవడం లేదు, మాట్లాడేది కథల్లోని పాత్రల గురించే. కొన్ని జవాబులు బాగా పొడుగ్గా ఉంటాయి. గాంధారినీ ధర్మరాజునూ రెండు ముక్కల్లో తేల్చేయడం నాకు మనసొప్పలేదు.

దేవుడితో యుద్ధానికి దిగిన ప్రతివాడూ తిరుగుబాటుదారుడేనా?

కాదు. దేవతలతో పోట్లాడని రాక్షసుడు పురాణాల్లో దాదాపు కనిపించడు. వాళ్ళలో ఎక్కువమందికి కావలసింది ఇంద్రుడి సింహాసనం. ఇంద్రుణ్ణి దించాలి, తాము ఎక్కాలి, యజ్ఞాల్లో వేసే హవిస్సు తమకు రావాలి. అంతటితో వాళ్ళ కోరిక తీరిపోతుంది. కింద ఉన్నవాళ్ళ బతుకులో మార్పేమీ ఉండదు.

నహుషుడి కథ చూడండి. అతను తిరుగుబాటు చేయనే లేదు, ఇంద్రుడు కనబడకుండా పోతే దేవతలే పిలిచి కూర్చోబెట్టారు. మనిషై పుట్టి స్వర్గాన్ని ఏలే అవకాశం వచ్చింది. తీరా ఎక్కాక శచీదేవి మీద కన్నేశాడు, ఋషుల చేత పల్లకి మోయించుకున్నాడు, చివరికి అగస్త్యుణ్ణి కాలితో తన్ని పామై కింద పడ్డాడు.

అందుకే ఇలాంటి పాత్ర ఎదురైనప్పుడల్లా నేను మొదట చూసేది ఒకటే: ఇతను ఎవరి కోసం ఎదిరించాడు? తన కోసమా, ఇంకొకరి కోసమా? ఎంత బలంగా ఎదిరించాడు, గెలిచాడా ఓడాడా అన్నవి ఆ తర్వాతి సంగతులు.

మరి హిరణ్యకశిపుడు ఏ లెక్కలోకి వస్తాడు?

అతని కోపానికి మూలం దుఃఖం. వరాహావతారంలో విష్ణువు అతని తమ్ముడు హిరణ్యాక్షుణ్ణి చంపాడు. తమ్ముణ్ణి పోగొట్టుకున్న అన్నగా మొదలైనవాడు, ఘోర తపస్సు చేసి బ్రహ్మ దగ్గర వరాలు సంపాదించి, దిక్పాలకుల పదవులన్నీ తనే లాక్కుని, లోకంలో తను తప్ప వేరే దేవుడు లేడనే దాకా వెళ్ళాడు. దుఃఖం అహంకారంగా మారిన తీరు పోతన భాగవతం సప్తమ స్కంధంలో స్పష్టంగా కనిపిస్తుంది.

ఆ కథలో చాలామంది గమనించని విషయం ఒకటుంది. హిరణ్యకశిపుడి రాజ్యంలో దేవుడు హిరణ్యకశిపుడే. చట్టం అతనిది, బడి అతనిది, పాఠం చెప్పే చండామార్కులు అతని మనుషులు. అలాంటి చోట తిరుగుబాటు చేసింది ప్రహ్లాదుడు! ఏనుగులతో తొక్కించినా, పాములతో కరిపించినా, కొండ మీంచి తోయించినా ఆ పిల్లవాడు మాట మార్చలేదు. తండ్రి మీద చెయ్యెత్తలేదు, ఒక్క పరుషమైన మాట అనలేదు. పైగా నరసింహుడు వరం కోరుకోమంటే తండ్రి పాపం పోవాలని అడిగాడు. ఎదిరించడం ఇంత మెత్తగా కూడా ఉంటుందా అనిపిస్తుంది.

రావణుడు?

రావణుడికి దేవుడంటే ద్వేషం ఏమీ లేదు, శివభక్తుడు. కైలాసాన్ని ఎత్తబోయినా, కొండ కింద చేతులు నలిగాక స్తోత్రం చేసి ఆ శివుణ్ణే మెప్పించుకున్నాడు. దేవతల చేతా గంధర్వుల చేతా చావు లేకుండా వరం అడిగి, మనుషుల్ని లెక్కలోకే తీసుకోకుండా వదిలేశాడు. అతని పతనమంతా ఆ చిన్నచూపులోనే ఉంది. నా దృష్టిలో అతను గొప్ప పాత్రే కానీ గొప్ప తిరుగుబాటుదారుడు కాడు.

మన కథల్లో న్యాయం అడిగి దేవుణ్ణి నిలదీసినవాళ్ళు ఎవరైనా ఉన్నారా?

ఉన్నారు. ముగ్గురి గురించి తప్పకుండా చెప్పాలి. ముగ్గురూ భారతంలోనే ఉన్నారు.

మొదటివాడు మాండవ్యుడు. మౌనవ్రతంలో ఉన్న ముని. దొంగలు దోచుకున్న సొమ్ము అతని ఆశ్రమంలో దాచారు. రాజభటులు వచ్చి అడిగితే మౌనం వల్ల జవాబు చెప్పలేదు. దొంగలతో పాటు అతన్నీ కొరత వేశారు. చావలేదు. తర్వాత రాజు తప్పు తెలుసుకుని దింపించినా శూలం ఊడి రాకపోతే కోసేశారు, ఒంట్లో ముక్క మిగిలిపోయింది. ఆ ముక్కతోనే తిరిగాడు కాబట్టి అణిమాండవ్యుడన్నారు. ఆయన నేరుగా యమధర్మరాజు సభకు వెళ్ళి అడిగాడు: నేనేం పాపం చేశానని నాకీ శిక్ష? చిన్నప్పుడు తూనీగల వంటి పురుగులకు గడ్డిపరక గుచ్చావు, దాని ఫలమిది అన్నాడు యముడు.

ఆ జవాబు విని మాండవ్యుడు తల వంచుకుని వెనక్కి రాలేదు. తెలిసీ తెలియని వయసులో చేసిన చిన్న తప్పుకు ఇంత పెద్ద శిక్షా, నువ్వు ధర్మమూర్తివేనా అని మనిషిగా పుట్టమని యముణ్ణే శపించాడు. ఆ పుట్టినవాడే విదురుడు. అంతటితో ఆగలేదు: పద్నాలుగేళ్ళ లోపు పిల్లలు చేసినదానికి పాపం అంటకూడదని కట్టడి చేశాడు. ఒంట్లో శూలం ముక్క ఉన్న మనిషి, తనకు ఇక ఎలాగూ ఉపయోగపడని నియమాన్ని పుట్టబోయే పిల్లలందరి కోసం రాయించాడు. దేవుణ్ణి ఎదిరించిన పాత్రల్లో నాకు అందరికంటే ఇష్టమైనవాడు ఈయనే.

రెండో వ్యక్తి గాంధారి. స్త్రీపర్వంలో యుద్ధభూమి. కొడుకుల శవాల మధ్య, కోడళ్ళ ఏడుపుల మధ్య నిలబడి ఆమె కృష్ణుణ్ణి అడిగింది కోపంగా మాత్రమే కాదు, లెక్కగా అడిగింది. నీకు బలం ఉంది, సైన్యం ఉంది, నీ మాటకు రెండువైపులా విలువ ఉంది, ఏం జరగబోతోందో నీకు తెలుసు. ఆపగలిగి ఉండి కూడా ఎందుకు ఊరుకున్నావు? దేవుడి మీద మనుషులు వేయగల ప్రశ్నల్లో దీనికి మించింది లేదు. భర్త సేవలో సంపాదించుకున్న పుణ్యమంతా పెట్టి శపించింది: ముప్పై ఆరేళ్ళకు నీ వాళ్ళను నువ్వే చంపుకుంటావు, దిక్కులేని చావు చస్తావు, మీ ఆడవాళ్ళూ ఇలాగే ఏడుస్తారు.

కృష్ణుడు ఆ శాపాన్ని తోసిపుచ్చలేదు. చిరునవ్వుతో ఒప్పుకున్నాడు. ఇది జరగాల్సిందేనని నాకూ తెలుసన్నాడు. తర్వాత మౌసలపర్వంలో ముప్పై ఆరో ఏట యాదవులు తుంగతో కొట్టుకు చస్తుంటే గాంధారి మాట అక్షరాలా జరుగుతుంది. అవతారపురుషుడే ఒక తల్లి శాపానికి లోబడ్డాడని కవి రాశాడంటే, ఆ ప్రశ్న న్యాయమైనదని కథే ఒప్పుకున్నట్టు.

మూడోవాడి గురించి విడిగా చెప్పాలి.

ధర్మరాజు తిరుగుబాటు చేశాడా? ఆయన అంత నెమ్మదస్తుడు కదా!

స్వర్గారోహణపర్వం చదవనివాళ్ళు ఈ మాట అంటుంటారు. కుక్క కోసం స్వర్గాన్ని వద్దన్న ఘట్టం అందరికీ తెలుసు. దాని తర్వాత జరిగినదే అసలు కథ.

స్వర్గంలో అడుగు పెట్టగానే ధర్మరాజుకు కనిపించింది దుర్యోధనుడు, వెలిగిపోతూ ఆసనం మీద కూర్చుని. తమ్ముళ్ళు లేరు, ద్రౌపది లేదు, కర్ణుడు లేడు. వాళ్ళున్న చోటు చూపించమన్నాడు. దేవదూత ముందు నడిచాడు. దారి పొడుగునా చీకటి, దుర్వాసన, ముసురుతున్న ఈగలు, కుళ్ళిన శవాలు. ఇంకెంత దూరం అని అడిగితే, నన్ను ఇంతవరకే రమ్మన్నారు, అలిసిపోతే వెనక్కి పోదాం అన్నాడు దూత. ధర్మరాజు వెనక్కి తిరిగాడు. అప్పుడు చీకట్లోంచి గొంతులు వినిపించాయి. ఒక్క క్షణం ఉండవయ్యా, నీ మీంచి వచ్చే గాలికి మా బాధ చల్లారుతోంది అని. ఎవరు మీరు అని అడిగాడు. నేను కర్ణుణ్ణి. నేను భీముణ్ణి. నేను అర్జునుణ్ణి. ఒక్కొక్క పేరే చీకట్లోంచి వచ్చింది.

అక్కడ ఆయన దేవతలను నిందించాడు. ధర్మాన్ని కూడా నిందించాడు. ఆ ధర్ముడు స్వయంగా తన తండ్రి, తన పేరే ధర్మరాజు. దూతతో ఇలా అన్నాడు: నిన్ను పంపినవాళ్ళ దగ్గరికి నువ్వు వెళ్ళు, నేను రాను, ఇక్కడే ఉంటాను, నేనుంటే నావాళ్ళకు సుఖంగా ఉంది. ఆయుధం లేదు, శాపం లేదు. నరకంలో నిలబడి స్వర్గాన్ని వద్దన్నాడు.

ఆ వెంటనే ఇంద్రుడు రావడం, చీకటి తొలగిపోవడం, ఇదంతా పరీక్ష అని చెప్పడం ఉన్నాయి. కొంతమంది దీంతో ఆ నిరసన విలువ పోయిందంటారు. నేనలా అనుకోను. ఆ మాట అన్న క్షణంలో అది పరీక్ష అని ఆయనకు తెలియదు. శాశ్వతంగా నరకంలో ఉండటానికి సిద్ధపడే అన్నాడు. ఈ మూడు చోట్లా సంస్కృత మూలం చదవలేనివారికి మన కవిత్రయం ఉండనే ఉంది: మాండవ్యుడి కథ నన్నయ ఆదిపర్వంలో, మిగతా రెండూ తిక్కన పర్వాల్లో.

గ్రీకు కథల్లో ప్రొమీథియస్‌కు అంత పేరెందుకు?

నిప్పు దొంగిలించి మనుషులకు ఇచ్చాడు కాబట్టి అని అందరూ చెప్తారు. ఈస్కిలస్ పేరు మీద వస్తున్న ‘సంకెళ్ళలో ప్రొమీథియస్’ నాటకంలో కారణం ఇంకా పెద్దది. దేవతల రాజు జ్యూస్ మనుషుల జాతినే తుడిచిపెట్టాలనుకున్నప్పుడు అడ్డుపడినవాడు ఇతనొక్కడే. నిప్పుతో పాటు అంకెలు, అక్షరాలు, మందులు, ఎద్దుల్ని కాడికి కట్టడం, ఓడలు నడపడం కూడా నేర్పాడు. ఎవరి కోసం ఎదిరించాడని నేను పైన అడిగిన ప్రశ్నకు ఇంత నేరుగా జవాబిచ్చే పాత్ర ఇంకొకటి కనబడదు. అతను దేవతల వంశంలో పుట్టినవాడు, మనుషులతో అతనికి ఏ అవసరమూ లేదు.

నాటకం మొదలయ్యే తీరు చూడండి. లోకం అంచున ఒక కొండ. ‘అధికారం’, ‘బలాత్కారం’ అనే ఇద్దరు అతన్ని పట్టి తెస్తారు. కమ్మరి దేవుడు హెఫీస్టస్ మనసు లేకుండానే, జాలిపడుతూనే మేకులు కొడతాడు. ఎదలో మేకు దిగుతున్నా ప్రొమీథియస్ నోరు మెదపడు. వాళ్ళు వెళ్ళిపోయాకే ఆకాశాన్నీ, గాలుల్నీ, నదుల్నీ, భూమినీ, సూర్యుణ్ణీ పిలిచి, ఒక దేవుడికి దేవతలు ఏం చేశారో చూడండి అంటాడు. జ్యూస్ మొత్తం నాటకంలో వేదిక మీదికి రాడు. అతని ఆజ్ఞలే వస్తాయి. అధికారం ఎప్పుడూ ఇంకొకరి చేత మేకులు కొట్టిస్తుందని ఆనాటి ప్రేక్షకులకు ఎవరూ విడమరిచి చెప్పనక్కరలేకపోయింది.

మిల్టన్ కావ్యంలో సైతాను కథానాయకుడిలా అనిపిస్తాడేం?

ఎందుకంటే మొదటి రెండు భాగాల్లో ఇంగ్లీషు కవి మిల్టన్ అతనికి కావ్యంలోకెల్లా గొప్ప ప్రసంగాలు రాసిచ్చాడు. ‘పారడైజ్ లాస్ట్’ 1667లో వచ్చింది. అప్పటికి మిల్టన్‌కు చూపు పోయింది, చెప్పి రాయించాడు. 1649లో ఇంగ్లండ్ రాజు తల నరికినప్పుడు దాన్ని సమర్థిస్తూ పుస్తకాలు రాసినవాడు, ఆ ప్రభుత్వంలో ఉద్యోగం చేసినవాడు. రాజరికం తిరిగి వచ్చింది, అతని పక్షం ఓడిపోయింది. ఓడిన సైన్యాన్ని కూడగట్టి మాట్లాడే నాయకుడి గొంతు అతనికి తెలిసినట్టు ఎందరికి తెలుసు? స్వర్గంలో ఊడిగం చేయడం కంటే నరకంలో రాజ్యం చేయడం మేలు అన్న మాటకు మూడున్నర శతాబ్దాలు దాటినా వాడి తగ్గలేదు. మిల్టన్ తనకు తెలియకుండానే సైతాను పక్షం వాడని తర్వాతి కవి విలియం బ్లేక్ అన్నది కూడా అందుకే.

కానీ కావ్యాన్ని అక్కడితో ఆపకండి. నాలుగో భాగంలో సైతాను ఒంటరిగా సూర్యుణ్ణి చూసి మాట్లాడతాడు. దేవుడు తనకు మంచే చేశాడనీ, దానికి తను ఇవ్వాల్సిన బదులు ఇది కాదనీ అక్కడ తనే ఒప్పుకుంటాడు. ఎటు పారిపోయినా నరకమే, నేనే నరకం అంటాడు. అనుచరుల ముందు ఈ మాటలు ఒక్కటీ బయటికి రానివ్వడు. ఆ తర్వాత అతని రూపం కూడా చిన్నదవుతూ పోతుంది: నిద్రపోతున్న ఈవ్ చెవి దగ్గర కప్పలా, ఆ తర్వాత పాములా.

ఇంకో చిన్న పాత్రను కూడా చూడండి. ఐదో భాగం చివర, సైతాను తన దళమంతటినీ రెచ్చగొడుతుంటే అబ్దియేల్ అనే దేవదూత ఒక్కడే లేచి తప్పు అంటాడు, అందరి ఎగతాళి మధ్య నుంచి ఒంటరిగా నడిచి వెళ్ళిపోతాడు. తిరుగుబాటుదారుల మధ్య తిరుగుబాటు చేయడానికి ఎంత గుండె కావాలో మిల్టన్‌కు తెలుసు.

‘టికెట్ తిరిగి ఇచ్చేయడం’ అనే మాట ఎక్కడిది?

రష్యన్ రచయిత దొస్తోయెవ్‌స్కీ నవల ‘కరమజోవ్ సోదరులు’లో ఇవాన్ అనే పాత్ర అన్నది. నవల 1879, 1880 సంవత్సరాల్లో పత్రికలో సీరియల్‌గా వచ్చింది. ఆ అధ్యాయం పేరే ‘తిరుగుబాటు’.

ఇవాన్ తమ్ముడు అల్యోషా మఠంలో ఉంటున్న భక్తుడు. ఇద్దరూ ఒక హోటల్లో కూర్చుని మాట్లాడుకుంటారు. ఇవాన్ సిద్ధాంతాలు చెప్పడు, పిల్లలకు జరిగిన ఘోరాలు చెప్తాడు. ఆటలో రాయి విసిరితే ఒక జనరల్ గారి వేటకుక్క కాలికి తగులుతుంది. విసిరినవాడు ఎనిమిదేళ్ళ పిల్లవాడు, జనరల్ కింద పనిచేసే బానిస కుటుంబం వాడు. మర్నాడు పొద్దున ఆ పిల్లవాణ్ణి బట్టలు విప్పి పరిగెత్తించి, కుక్కల్ని ఉసిగొల్పుతాడు, తల్లి కళ్ళ ముందే. ఆ జనరల్‌ను ఏం చేయాలి అని ఇవాన్ అడిగితే, కాల్చేయాలి అన్న మాట ఆ మెత్తటి అల్యోషా నోటి నుంచి వచ్చేస్తుంది.

అప్పుడు ఇవాన్ అసలు మాట చెప్తాడు. చివరికి అంతా సర్దుకుంటుంది, ఆ తల్లీ ఆ జనరలూ కూడా కౌగిలించుకుంటారు, లోకమంతా ఒకే రాగంలో కలుస్తుంది అంటారు. కానీ ఆ రాగానికి ఆ పిల్లవాడి కన్నీరు ఖరీదైతే నాకు అంత స్తోమత లేదు. దేవుణ్ణి కాదనడం లేదు అల్యోషా, ప్రవేశానికి ఇచ్చిన టికెట్‌ను మాత్రం మర్యాదగా తిరిగి ఇచ్చేస్తున్నాను.

ఇది చదివినప్పుడల్లా నాకు స్వర్గారోహణపర్వమే గుర్తుకొస్తుంది. ఒకరి మాట ఇంకొకరికి చేరే వీలే లేదు, అయినా ఇద్దరూ ఒకే చోట నిలబడ్డారు. బయట బాధపడేవాళ్ళు ఉండగా లోపల నాకు సీటు వద్దన్నారు. ఒక తేడా మాత్రం ఉంది. ధర్మరాజు బాధపడేవాళ్ళ దగ్గరికి వెళ్ళి ఉండిపోయాడు, ఇవాన్ మాటల దగ్గర ఆగిపోయాడు. నవల చివరికి అతని బుద్ధి చెదిరిపోవడానికి ఇది కూడా ఒక కారణమని నాకనిపిస్తుంది.

బైబిల్లోని యోబును ఈ జాబితాలో పెట్టవచ్చా?

పెట్టాలనే అంటాను. ‘యోబు ఓపిక’ అని సామెతలా వాడతారు కానీ, గ్రంథం తెరిస్తే మూడో అధ్యాయం నుంచే తను పుట్టిన రోజును శపిస్తాడు. నా తప్పేమిటో చెప్పు, నీతో వ్యాజ్యమాడతాను అని దేవుణ్ణి పిలుస్తాడు. ముగ్గురు స్నేహితులు వచ్చి, నువ్వేదో పాపం చేసే ఉంటావు, దేవుడు అన్యాయం చేయడు అని దేవుడి తరఫున వాదిస్తారు. చివర దేవుడు సుడిగాలిలోంచి మాట్లాడతాడు, యోబు ప్రశ్నకు సూటిగా జవాబివ్వడు. కానీ నలభై రెండో అధ్యాయంలో ఆ స్నేహితుల మీద కోప్పడతాడు: నా సేవకుడైన యోబు పలికినట్టు మీరు నన్ను గురించి యుక్తమైనది పలకలేదు అని. దేవుణ్ణి వెనకేసుకొచ్చినవాళ్ళకు చీవాట్లు, నిలదీసినవాడికి మెప్పు. ఈ ఒక్క మాట కోసం ఆ గ్రంథమంతా చదవొచ్చు.

రామదాసు రాముణ్ణి తిట్టాడు కదా, అదీ తిరుగుబాటేనా?

కంచర్ల గోపన్న నిజంగా జీవించిన మనిషి, కల్పిత పాత్ర కాదు. అయినా ఈ ప్రశ్న చాలామంది అడుగుతారు. చెరసాలలో ఉండి, సీతమ్మకు చేయించిన చింతాకు పతకానికి పదివేల వరహాలు పట్టిందని లెక్క చెప్పి, ఎవడబ్బ సొమ్మని కులుకుచు తిరిగేవు అని అడిగేశాడు. అదే కీర్తనలో వెంటనే, అబ్బా తిట్టితినని ఆయాసపడవద్దు, ఈ దెబ్బలకోర్వక తిట్టితినయ్యా అని బతిమాలుకున్నాడు. ఇది ఇంట్లోవాళ్ళ మధ్య జరిగే దెబ్బలాట. తెంచుకోవడానికి వేసే తిట్టు కాదది, తెగకుండా పట్టుకోవడానికి వేసింది. మన నిందాస్తుతులన్నీ ఈ దారిలోనే నడుస్తాయి.

దీనికీ ధూర్జటి ‘శ్రీకాళహస్తీశ్వర మాహాత్మ్యం’లోని నత్కీరుడి కథకూ తేడా చూడండి. శివుడే ఒక పేద పూజారికి పద్యం రాసిస్తే, రాజసభలో నత్కీరుడు దాంట్లో తప్పు పట్టాడు. శివుడు స్వయంగా వచ్చి నిలబడినా తప్పు తప్పేనన్నాడు. శాపం తగిలి కుష్ఠురోగం వచ్చింది. ఆ తర్వాత భక్తితోనే శాపవిముక్తి పొందాడు కానీ, సభలో అన్న మాట కవులెవరూ మరిచిపోలేదు.

జాషువా ‘గబ్బిలం’ కూడా ఈ కోవలోదేనా?

అవును, అదీ పై వరసలో ఉండాల్సిన కావ్యం. 1941లో వచ్చింది. అంటరానివాడిగా పుట్టిన ఒక పేదవాడు తన గోడు శివుడికి చెప్పుకోవాలనుకుంటాడు. గుడి గడప అతను తొక్కకూడదు. కానీ గబ్బిలం గుడిలోకి వెళ్ళగలదు, దేవుడి చెవి దగ్గర తలకిందులుగా వేలాడగలదు. పూజారి లేని సమయం చూసి చెప్పమని దానితో కబురు పంపుతాడు. కాళిదాసు మేఘాన్ని దూతగా పంపింది ప్రియురాలి దగ్గరికి, జాషువా గబ్బిలాన్ని పంపింది కైలాసానికి.

ఆ పాత్ర దేవుణ్ణి కాదనలేదు, తిట్టనూ లేదు. నేరుగా వచ్చి అడిగే హక్కు నాకెందుకు లేదన్న ప్రశ్న మాత్రం అడుగడుగునా ఉంది. మాండవ్యుడు యముడి సభకు నడుచుకుంటూ వెళ్ళగలిగాడు. ఈ మనిషికి ఆ దారి కూడా లేదు, పిట్ట కాని పిట్టను బతిమాలుకోవాల్సి వచ్చింది. దేవుడితో తగాదా కంటే దేవుడి చుట్టూ గోడ కట్టినవాళ్ళతో తగాదా ఎక్కువ ఉన్న కావ్యం ఇది.

ఆడవాళ్ళలో గాంధారి కాక ఇంకెవరైనా ఉన్నారా?

రోమన్ కవి ఓవిడ్ చెప్పిన అరాక్నీ. మామూలు రంగులద్దేవాడి కూతురు. నేతలో దేవత మినర్వాతో పోటీకి దిగింది. దేవత నేసిన గుడ్డ మీద దేవతల వైభవం ఉంది. అరాక్నీ నేసినదాని మీద ఎద్దు రూపంలో, హంస రూపంలో వచ్చి ఆడవాళ్ళను మోసం చేసిన దేవుళ్ళున్నారు. ఆ నేతలో అసూయ కూడా తప్పు పట్టలేకపోయిందని ఓవిడ్ రాశాడు. దేవత ఆ గుడ్డను చింపేసి, చేతిలోని నాడెతో ఆమె నుదుటి మీద కొట్టింది. అరాక్నీ ఉరి వేసుకోబోతే సాలెపురుగుగా మార్చింది. పొగరుకు శిక్ష పడిన కథగా దీన్ని చెప్తుంటారు. పొగరు ఉన్న మాట నిజమే. కానీ దేవత చింపింది సాక్ష్యాన్ని.

నవ్వు తెప్పించే తిరుగుబాటుదారులు లేరా?

చైనావాళ్ళ ‘పడమటి యాత్ర’లో కోతిరాజు సున్ వుకోంగ్ ఉన్నాడు. స్వర్గంలో ఉద్యోగమంటే సంబరపడి వెళ్ళి, గుర్రాలు కాసే పని అని తెలిసి అలిగి వచ్చేశాడు. ‘స్వర్గంతో సమానుడైన మహర్షి’ అని జెండా ఎగరేశాడు. కాపలా కాయమన్న తోటలోనే అమరత్వమిచ్చే పండ్లు తినేశాడు, విందుకు పిలవలేదని అక్కడి మద్యం తాగేశాడు. దేవసైన్యాలు ఆపలేకపోతే బుద్ధుడు వచ్చి, నా అరచేతిలోంచి దూకి బయటపడు చూద్దాం అని పందెం వేశాడు. వుకోంగ్ ఎగిరి ఎగిరి లోకం చివర ఐదు స్తంభాలు చూసి, గుర్తుగా ఒకదాని మీద తన పేరు రాసి తిరిగొచ్చాడు. ఆ స్తంభాలు బుద్ధుడి వేళ్ళే. ఐదు వందల ఏళ్ళు కొండ కింద ఉండి, తర్వాత సూత్రాల కోసం భారతదేశానికి బయల్దేరిన సన్యాసికి కాపలాగా నడిచి, చివరికి తనూ బుద్ధుడయ్యాడు.

తెలుగు సినిమాల్లో ఈ సరదా ‘యమగోల’లో దొరుకుతుంది. 1977లో వచ్చింది. ఎన్టీఆర్ యమలోకంలో యమభటుల చేత యూనియన్ పెట్టిస్తాడు! ‘గోపాల గోపాల’లో భూకంపానికి కొట్టు పోగొట్టుకున్నవాడు దేవుడి మీద కోర్టుకెక్కుతాడు.

గెలిచినవాళ్ళు ఎవరు?

మాండవ్యుడు గెలిచాడు. ఇంద్రుడికి పూజ మాన్పించి గోవర్ధనాన్ని ఎత్తిన కృష్ణుడు గెలిచాడు. దేవుడే దేవతల మీద తిరుగుబాటు నడిపిన అరుదైన కథ అది. మిగతావాళ్ళలో ఎక్కువమంది ఓడిపోయారు.

దేవుణ్ణి ఎదిరించే పాత్ర నాస్తికుడే కదా?

ఉన్నాడని నమ్మకపోతే ఎదిరించేదెవర్ని? ఫ్రెంచ్ రచయిత కామూ 1951లో రాసిన పుస్తకంలో ఈ సంగతి బాగా విడదీశాడు: ఇలాంటి తిరుగుబాటుదారుడు నాస్తికుడై తీరాలని లేదు, దైవదూషణ చేసేవాడు మాత్రం అవుతాడు. గాంధారికి కృష్ణుడి శక్తి మీద సందేహమే లేదు. సందేహమే ఉంటే, ఎందుకు ఆపలేదని అడగదు.

ఇవి చదివితే భక్తి పోతుందేమోనని కూడా అడుగుతుంటారు. ఈ కథల్ని మన దాకా తెచ్చినవాళ్ళే గొప్ప భక్తులు. గాంధారి శాపాన్ని తెలుగు చేసిన తిక్కన ఆ భారతాన్ని హరిహరనాథుడికే అంకితమిచ్చాడు.

ఇలాంటి పాత్రతో కథ రాస్తున్నాను. దేని మీద జాగ్రత్త పడాలి?

దేవుణ్ణి వట్టి దుర్మార్గుడిగా రాయకండి. అలా రాస్తే మీ కథానాయకుడు కొట్టేది గడ్డిబొమ్మను. కృష్ణుడు ప్రేమించదగినవాడు కాబట్టే గాంధారి మాటలు అంత నొప్పిగా ఉంటాయి.

పాత్ర కోపానికి ఒక మనిషి ముఖం ఇవ్వండి. లోకంలో బాధ ఉందని ఎదిరించే పాత్ర మాటలు పేజీలకు పేజీలు నడుస్తాయి, పాఠకుడికి ఏమీ తగలదు. ఇవాన్ ఒక్క పిల్లవాడి పేరు మీద మాట్లాడాడు. మేరీ షెల్లీ 1818 నాటి ‘ఫ్రాంకెన్‌స్టైన్’లో పేరు కూడా లేని ఆ ప్రాణి తనను చేసినవాణ్ణి అడిగింది ఒక్కటే: నేను నీకు ఆదాము వంటివాణ్ణి కావలసింది, తోసేసిన దేవదూతనెందుకయ్యాను? తోడు లేని ఒక ప్రాణి అడిగింది కాబట్టి అది గుచ్చుకుంటుంది.

మూల్యం కూడా రాయండి. గాంధారి పుణ్యమంతా ఖర్చు పెట్టింది. ప్రొమీథియస్ కాలేయాన్ని గద్ద పొడుచుకు తింటూ వచ్చింది. ఏమీ పోగొట్టుకోకుండా దేవుణ్ణి నిలదీసే పాత్రను పాఠకులు నమ్మరు.

మొదట ఏది చదవమంటారు?

సమయం తక్కువైతే స్వర్గారోహణపర్వం. చాలా చిన్న పర్వం, ఒక్క పూటలో అయిపోతుంది. తర్వాత ‘సంకెళ్ళలో ప్రొమీథియస్’, అదీ చిన్న నాటకమే. ‘కరమజోవ్ సోదరులు’ పెద్దది. కావాలంటే ‘తిరుగుబాటు’ అధ్యాయం విడిగా చదవండి, కానీ దాని వెంటనే వచ్చే ‘మహా విచారణాధికారి’ అధ్యాయం కూడా కలిపి చదవాలి. అందులో క్రీస్తు మళ్ళీ భూమి మీదికి వస్తే మతాధికారి బంధించి, నువ్వు మాకు అక్కర్లేదని గంటల తరబడి వాదిస్తాడు. క్రీస్తు ఒక్క మాట కూడా బదులివ్వడు. చివరికి లేచి వెళ్ళి ఆ ముసలివాణ్ణి ముద్దు పెట్టుకుంటాడు. ఆ కథ చెప్పింది కూడా ఇవానే.